చలికాలం రాకమునుపే

కుటుంబ దీపం – ఈ నెల ధ్యానం

చదువవలసిన భాగాలు: 2 తిమోతి 4:9–21, 2 సమూయేలు 12:1–7, నిర్గమ 22:26–27, యాకోబు 2:14–17



అపొస్తలుడైన పౌలు తన చివరి రోజుల్లో చెరసాలనుండి తిమోతికి వ్రాసిన రెండవ పత్రికలో లోతైన సంగతులు ఎన్నో ఉన్నాయి. వాటి నడుమ రెండు చిన్న మనవులు కూడ ఉన్నాయి. త్రోయలో కర్పు ఇంట విడిచివచ్చిన తన అంగీని వచ్చేటప్పుడు తెమ్మంటాడు. చలి రోజులు మొదలు కాకముందే బయలుదేరి రమ్మంటాడు. తన పరుగు ముగింపుకు వచ్చిందని తెలిసిన ఆ దైవజనుడు, రాత్రి చలికి కప్పుకోను బట్ట కావాలని అడగడానికి సిగ్గుపడలేదు. చలి శరీరానికి సంబంధించినది గనుక పత్రికలో వ్రాయతగదని ఆయన అనుకోలేదు.

మన ఇళ్ళలోనూ ఇప్పుడు దుప్పట్లు ఎండలో వేస్తున్నాము. అదిలాబాదు అడవి పల్లెల్లో, అరకులో, లంబసింగిలో మంటల చుట్టూ చేరే కాలం ఇది. ఈ నెల మనం చాలా దూరాన ఉన్న ఒక జనము గురించి ఆలోచిద్దాం. అమెరికా దేశంలో ఇల్లు లేక, ఒక వ్యానునే ఇల్లుగా చేసుకొని, పక్కన ఒక కుక్కనో పిల్లినో పెట్టుకొని చలికాలాన్ని ఎదుర్కొనేవారు అనేకులు ఉన్నారు. అంత సంపన్న దేశంలో ఇదేమిటని ఆశ్చర్యం కలుగవచ్చు. వారి కథలో మన సంఘాలకు, మన కుటుంబాలకు అవసరమైన పాఠం ఒకటి ఉంది.

బండే ఇల్లు

మన ఊళ్ళలో బడిపిల్లలను ఎక్కించుకొని పోయే వ్యానును మనసులో తలచుకోండి. వెనుక సీట్లు తీసివేసి, ఒక పలక మంచం, ఒక చిన్న గ్యాసుపొయ్యి, నీళ్ళ తొట్టి, నాలుగు గిన్నెలు పట్టే అలమర అమర్చితే అదే క్యాంపర్ వ్యాను. పైకప్పుమీద సౌరపలక, కింద బ్యాటరీ ఉంటే ఒక దీపం, ఒక ఫ్యాను పనిచేస్తాయి. భార్యాభర్తలు ఒకరి తరువాత ఒకరు తిరగవలసినంత చోటు అది.

ఇందులో ఉండేవారు రెండు రకాలు. పింఛను వచ్చే పెద్దవారు కొందరు ఇష్టపడి, దేశం చూడాలని ఇలా తిరుగుతారు. వారు శీతకాలం రాగానే పక్షులవలె దక్షిణానికి వెళ్తారు. అరిజోనా రాష్ట్రపు ఎడారిలో క్వార్ట్‌జ్‌సైట్ అనే చిన్న ఊరు ఉంది. దాని చుట్టుపక్కల ప్రభుత్వ భూముల్లో సెప్టెంబరు 15 నుండి ఏప్రిల్ 15 వరకు రుసుము చెల్లించి బండ్లు నిలుపుకొని ఉండవచ్చు. మంచు పడే ఉత్తరాది రాష్ట్రాలనుండి వేలాది బండ్లు అక్కడికి చేరుతాయి.

రెండవ రకంవారికి ఇది విహారం కాదు. అద్దె కట్టలేక, ఉద్యోగం పోయి, వైద్యానికి డబ్బంతా ఖర్చై, భర్త చనిపోయి, చివరికి బండి తాళం ఒక్కటే చేతిలో మిగిలినవారు వారు. ఇలాంటి వృద్ధుల జీవితం గురించి జెస్సికా బ్రూడర్ అనే పత్రికా రచయిత్రి 2017లో ‘నోమాడ్‌లాండ్’ అనే పుస్తకం వ్రాశారు. దాని ఆధారంగా తీసిన సినిమాకు 2021లో ఉత్తమ చిత్రంగా ఆస్కార్ బహుమతి వచ్చింది. 2024 జనవరిలో అమెరికా ప్రభుత్వం ఒక రాత్రి లెక్క తీయగా ఆ దేశంలో 7,71,480 మంది నిలువ నీడలేనివారుగా తేలారు. వారిలో సుమారు 2,74,000 మంది ఏ ఆశ్రయ గృహంలోనూ లేక వీధుల్లో, గుడారాల్లో, బండ్లలో ఆ రాత్రి గడిపినవారు.

ఇనుప గోడల మధ్య చలి

ఇనుప రేకు పగలు ఎండకు ఎంత త్వరగా వేడెక్కుతుందో రాత్రికి అంత త్వరగా చల్లబడుతుంది. రేకుల షెడ్డులో కాపురమున్న మన సహోదరులకు ఈ సంగతి చెప్పనక్కరలేదు. బయట సున్నా డిగ్రీలైతే, వేడి చేసే సాధనం లేని వ్యాను లోపల తెల్లవారేసరికి ఇంచుమించు అంతే చలి. తొట్టిలో నీళ్ళు గడ్డకడతాయి. నీరు గడ్డకట్టినప్పుడు సుమారు నూటికి తొమ్మిది వంతులు ఉబ్బుతుంది గనుక గొట్టాలు పగులుతాయి. చలికి బ్యాటరీ బలం తగ్గుతుంది. దీపం ఎక్కువసేపు కావలసిన కాలంలోనే అది త్వరగా ఆరిపోతుంది.

గ్యాసుకూ చిక్కే. మన సిలిండరులో బ్యూటేన్, ప్రొపేన్ అనే రెండు వాయువులు కలిసి ఉంటాయి. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరి కావడం మానేస్తుంది. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీలవరకు ఆవిరి అవుతుంది. అందుకే చలిదేశాల్లోని బండ్లవారు ప్రొపేను వాడతారు. అయితే ఒక కిలో ప్రొపేన్ మండితే కిలోన్నరకు పైగా నీటి ఆవిరి పుడుతుంది. మనిషి ఊపిరి, కుక్క ఊపిరి, తడిసిన బట్టల తేమ దానికి తోడవుతాయి. ఆ ఆవిరంతా చల్లని రేకుకు తగిలి నీళ్ళుగా కారుతుంది. పక్కబట్టలు తడుస్తాయి, మూలల్లో బూజు పడుతుంది. ‘చలి వేస్తుందని కిటికీ మూయకు, వేలెడు సందు తీసి ఉంచు’ అని అనుభవమున్నవారు క్రొత్తవారికి చెప్పడం అందుకే.

ఆ సందు తీసి ఉంచడానికి ఇంకా పెద్ద కారణముంది. గాలి చాలని చోట ఏది మండినా కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ప్రాణవాయువు కంటె రెండువందల రెట్లకు మించిన బలంతో పట్టుకొంటుంది. నిద్రలో ఉన్నవాడు నిద్రలోనే పోతాడు. అగ్నిప్రమాదాలు కాక, పొరపాటున ఈ వాయువు సోకి అమెరికాలో ప్రతి ఏటా 400 మందికి పైగా చనిపోతున్నారు. మంచులో నిలిచిన బండికి వేడికోసం ఇంజను నడుపుతూ పడుకొంటే, మంచు పొగగొట్టాన్ని మూసివేసి ఆ పొగ లోపలికి రావచ్చు. చిన్న ప్రాణులకు ఇది త్వరగా సోకుతుంది. అందుకే బ్రిటన్ బొగ్గుగనుల్లో 1986 వరకు కెనరీ పిట్టలను పంజరంలో పెట్టి తీసుకొని దిగేవారు. పిట్ట సొమ్మసిల్లితే మనుషులు బయటికి పరుగెత్తేవారు. ఇప్పుడు ఈ వాయువును పసిగట్టి మోగే చిన్న గంట సాధనాలు దొరుకుతున్నాయి. బండిలో కాపురమున్నవాడు దుప్పటికంటె ముందు కొనవలసినది అదే.

ఇప్పుడు ఆ బండిలోని కుక్క సంగతి చూడండి. పొట్టి వెంట్రుకల కుక్క, ముసలి కుక్క, కూనలు చలికి త్వరగా వణకుతాయి. బండిలో అన్నిటికంటె చల్లని చోటు నేల. కనుక దాని పడకను నేలకు ఎత్తుగా వేయాలి. వానలో తడిసి వస్తే తుడిచి ఆరబెట్టకుండా పడుకోనివ్వకూడదు. మంచు కరగడానికి రోడ్లమీద ఉప్పు చల్లుతారు గనుక తిరిగి వచ్చినప్పుడల్లా దాని పాదాలు కడగాలి. ఇంజనులో నీరు గడ్డకట్టకుండా పోసే మందు తియ్యగా ఉంటుంది. కారిన చోట నాకితే కుక్కకు, అంతకంటె ముందు పిల్లికి ప్రాణాంతకం. చలి రాత్రి పిల్లులు వెచ్చదనం కోసం ఇంజను సందుల్లో దూరుతాయి. కనుక తెల్లవారి బండి తీసేముందు మూతమీద గట్టిగా తట్టాలి.

ఇవన్నీ జాగ్రత్తతో జరిగిపోతాయి. జాగ్రత్తకు లొంగని కష్టం వేరే ఉంది. యజమాని పనికి పోవాలి. ఎనిమిది గంటలు కుక్కను చల్లని బండిలో తాళం వేసి పోవడమా, పని మానుకోవడమా? స్నానానికి, బట్టలు ఉతుక్కోవడానికి, కాసేపు వెచ్చగా కూర్చోవడానికి ఏ చోటికి పోయినా వాకిట్లో ‘కుక్కలు రాకూడదు’ అని పలక ఉంటుంది. చలి మరీ ముదిరి ఆశ్రయ గృహానికి పోతే అక్కడ కూడ చాలాచోట్ల అదే పలక.

ఒక్క గొర్రెపిల్ల

ఈ మాట చదివి మన గ్రామాల్లో ఒక పెద్దాయన అడగవచ్చు: ‘మనుషులకే ఆశ్రయం లేదు, కుక్క గురించి ఇంత మాట ఎందుకు? వదిలేసి లోపలికి పోవచ్చు గదా!’ న్యాయంగానే కనబడుతుంది ఆ ప్రశ్న. దీనికి జవాబు నాతాను ప్రవక్త దావీదుకు చెప్పిన కథలో ఉంది.

ఒక బీదవానికి ఒకే ఒక ఆడ గొర్రెపిల్ల ఉంది. అది అతని బిడ్డలతో కలిసి పెరిగింది. అతని ముద్దలోనే తిన్నది, అతని గిన్నెలోనే త్రాగింది, అతని ఒడిలో పడుకొన్నది, కూతురువలె ఉన్నది. ధనవంతుడు తన మందలన్నీ ఉండగా, తన ఇంటికి వచ్చిన అతిథికోసం ఆ ఒక్కదాన్ని పట్టించాడు. కథ విన్న దావీదు మండిపడ్డాడు. ‘పోనీ, గొర్రెపిల్లే గదా’ అనలేదు. నాతాను చెప్పిన కథ బత్షెబ గురించే గాని గొర్రెల గురించి కాదు. అయినా ఆ పోలిక రాజు గుండెను ఎందుకు పొడిచింది? బీదవానికి ఒక ప్రాణి ఏమవుతుందో గొర్రెలకాపరిగా పెరిగిన దావీదుకు తెలుసు. అన్నీ ఉన్నవాడికి అది జంతువు. ఏమీ లేనివాడికి అది కుటుంబం.

బండిలో ఉండే ముసలి విధవరాలికి పగలంతా మాటాడేవారు ఎవరూ ఉండకపోవచ్చు. రాత్రి తలుపు దగ్గర అలికిడి అయితే మొరిగేది ఆ కుక్కే. చలిలో కాళ్ళమీద పడుకొని వెచ్చదనమిచ్చేది అదే. తెల్లవారి లేవడానికి ఒక కారణం చూపేది కూడ అదే. దానికి తిండి పెట్టాలి గనుక ఆమె లేస్తుంది. ‘నిన్ను లోపలికి రానిస్తాము, దానిని బయట వదిలిపెట్టు’ అంటే, ఆమెకు మిగిలిన ఒక్క బంధువును విడువమనడమే. అందుకే కొందరు తలుపు దాకా వచ్చి, వెనుదిరిగి, గడ్డకట్టే చలిలో బండికే పోతారు. అది మూర్ఖత్వమని మనకనిపిస్తుంది. నమ్మిన ప్రాణిని విడువలేకపోవడమని ప్రభువుకు తెలుసు.

ఇది మనకు తెలియని సంగతేమీ కాదు. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు మన కోస్తా పల్లెల్లో ఏం జరుగుతుంది? పిల్లలను, ఆడవారిని తుపాను షెల్టరుకు పంపి, పాడిగేదె దగ్గర తాను ఉండిపోయే రైతులు లేరా? 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలమంది మనుషులతోపాటు లెక్కకందని పశువులు కొట్టుకుపోయాయి. ఆ తరంవారు ఇప్పటికీ మనుషులతోపాటు ఫలానా ఎద్దుల జతను, ఫలానా ఆవును కూడ పేరుతో తలచుకొంటారు.

అమెరికా ఈ పాఠాన్ని కష్టపడి నేర్చుకొంది. 2005 ఆగస్టులో కత్రినా తుపాను న్యూ ఆర్లియన్స్ నగరాన్ని ముంచినప్పుడు, పడవల్లోకి, బస్సుల్లోకి జంతువులను రానివ్వనందున చాలామంది ఇళ్ళు కదలలేదు. వారిలో ప్రాణాలు పోగొట్టుకొన్నవారు ఉన్నారు. మరుసటి సంవత్సరమే, 2006లో, ఆ దేశపు చట్టసభ ఒక చట్టం చేసింది. విపత్తులప్పుడు జనాన్ని తరలించే ఏర్పాట్లలో వారి పెంపుడు జంతువులకు కూడ ఏర్పాటు ఉండాలని అది చెబుతుంది. కాలిఫోర్నియా రాష్ట్రం 2019లో నిరాశ్రయుల గృహాలలో పెంపుడు జంతువులకు గూళ్ళు, తిండి, వైద్యం ఏర్పాటు చేయడానికి 50 లక్షల డాలర్లు కేటాయించింది. జంతువును రక్షించే ఏర్పాటు చేస్తే మనిషి కూడ రక్షణకు వస్తాడని వారు గ్రహించారు.

దేవుడు ఈ సంగతి ముందే ఎరుగును. ఓడలో ఉన్న నోవహుతోపాటు అతనితో ఉన్న జంతువులనూ ఆయన జ్ఞాపకము చేసుకొన్నాడని ఆదికాండము 8వ అధ్యాయం మొదటి వచనం తెలుపుతుంది. నీనెవె మీద జాలిపడడానికి తాను చూచిన కారణాలలో అక్కడి పశువులను కూడ లెక్కపెట్టి యోనాకు చెప్పాడు. ధనవంతుని వాకిట లాజరు పడివున్నప్పుడు లోపలివారెవరూ రాలేదు గాని కుక్కలు వచ్చాయని లూకా వ్రాశాడు.

పై బట్ట తాకట్టు

నిర్గమకాండములో ఒక ఆజ్ఞ ఉంది. పొరుగువాని పై బట్టను నీవు తాకట్టు పెట్టుకొంటే సూర్యుడు అస్తమించకముందే తిరిగి ఇచ్చివేయాలి. అతనికి కప్పుకోవడానికి ఉన్నది అదొక్కటే గనుక, అది లేకపోతే అతడు ఎలా పడుకొంటాడని దేవుడే అడుగుతాడు. అప్పు న్యాయమైనదే కావచ్చు. అయినా రాత్రి చలి అప్పుకంటె పెద్ద సంగతి అని ధర్మశాస్త్రము నేర్పుతుంది.

ఈ ఆజ్ఞకు అద్దంవంటి వ్యాజ్యం ఒకటి సియాటిల్ నగరంలో జరిగింది. 2016లో ఒక పనివాడు తన ట్రక్కులోనే కాపురముంటూ, ఒకేచోట మూడు రోజులకు మించి నిలిపాడని నగరంవారు దాన్ని ఈడ్చుకొనిపోయారు. అతని పనిముట్లు కూడ అందులోనే ఉన్నాయి. బండి లేని ఆ రోజుల్లో అతడు ఆరుబయటే పడుకోవలసి వచ్చింది. తిరిగి తీసుకోవడానికి 500 డాలర్లకు పైగా ఖర్చు అతనిమీద పడింది. అతడు న్యాయస్థానాలకు ఎక్కాడు. 2021 ఆగస్టులో వాషింగ్టన్ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం, ఆ ట్రక్కు అతని ఇల్లే అనీ, ఇంటికి చట్టమిచ్చే రక్షణ దానికీ వర్తిస్తుందనీ, అతని స్థితికి ఆ భారం మితిమీరినదనీ తీర్పు చెప్పింది.

మరోవైపు తీర్పు కూడ ఉంది. ఆరెగాన్ రాష్ట్రంలో గ్రాంట్స్ పాస్ అనే ఊరి నిబంధన ప్రకారం బహిరంగ స్థలంలో కంబళి పరచుకొని పడుకొంటే జరిమానా. బండిలో పడుకోవడానికీ అడ్డంకులే. పోవడానికి వేరే చోటు లేనివారిని ఇలా శిక్షించడం క్రూరత్వం కాదా అన్న ప్రశ్న దేశపు సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2024 జూన్ 28న ఆరుగురు న్యాయమూర్తులు ఒకవైపు, ముగ్గురు మరోవైపు నిలువగా, అది రాజ్యాంగానికి విరుద్ధం కాదని కోర్టు తేల్చింది. ఆ తరువాత అనేక పట్టణాలు ఇలాంటి నిబంధనలను బిగించాయి. రాత్రి పదకొండు గంటలకు అద్దంమీద పోలీసు తట్టి ‘ఇక్కడనుండి కదులు’ అంటే, ఎక్కడికి కదలాలన్న ప్రశ్నకు ఆ నిబంధనల్లో జవాబు లేదు.

మందిరపు ఆవరణలో నాలుగు బండ్లు

ఆ ప్రశ్నకు జవాబు చెప్పినవారిలో కొన్ని సంఘాలు ఉన్నాయి. చర్చి ముందున్న బండ్లు నిలిపే స్థలం ఆదివారం నిండుతుంది, మిగిలిన ఆరు రాత్రులు ఖాళీగానే ఉంటుంది. ఆ ఖాళీ స్థలంలో బండ్లవారిని రాత్రి ఉండనిస్తే ఏమవుతుంది? కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాలో ఒక సేవా సంస్థ 2004లోనే ఈ పని ప్రారంభించింది. ఊరిలోని చర్చిలు, కార్యాలయాలు తమ స్థలాలను రాత్రివేళ ఇందుకు ఇస్తూ వచ్చాయి. సియాటిల్ దగ్గర కిర్క్‌లాండ్ పట్టణంలో లేక్ వాషింగ్టన్ యునైటెడ్ మెథడిస్టు సంఘము 2011లో తన ఆవరణను బండ్లలో ఉండే స్త్రీలకు, కుటుంబాలకు తెరిచింది. కిర్క్‌లాండ్‌ను ఆనుకొనే రెడ్‌మండ్ ఉంది. మైక్రోసాఫ్ట్ కంపెనీ ముఖ్య కార్యాలయం అక్కడే. మన తెలుగు బిడ్డలు ఎందరో ఆ ప్రాంతంలో ఉద్యోగాలు చేస్తున్నారు. మీ కుమారుడో కోడలో అక్కడ ఉంటే, ఉదయం ఆఫీసుకు పోయే దారిలో అలాంటి బండ్లను చూసే ఉంటారు.

ఇందులో పెద్ద మహిమ కార్యమేమీ లేదు. ఒక మరుగుదొడ్డి తాళం తీసి ఉంచడం, త్రాగునీరు, చెత్తతొట్టి, ఎవరు వచ్చారో వ్రాసుకొనే పుస్తకం, రాత్రి ఫోను ఎత్తే మనిషి ఒకరు, అంతే. ఇరుగుపొరుగువారు మొదట అభ్యంతరం చెప్పడం సాధారణం. ‘దొంగలు వస్తారు, కుక్కలు అరుస్తాయి, మా ఇళ్ళ ధర పడిపోతుంది’ అంటారు. సంఘస్థులలోనే కొందరికి ఇష్టముండదు. వాషింగ్టన్ రాష్ట్రం 2010లో ఒక చట్టం చేసి, సంఘాలు తమ స్థలంలో నిరాశ్రయులకు చోటిస్తే పట్టణాలు అన్యాయమైన షరతులు పెట్టకూడదన్నది. 2020లో దాన్ని సవరించి బండ్లవారికి కూడ స్పష్టంగా వర్తింపజేసింది. వారికి మరుగుదొడ్డి అందుబాటులో ఉండాలన్నది.

అక్కడ రాత్రి గడిపినవారికి దొరికేది ఇల్లు కాదు. ఒక రాత్రి నిద్ర. తట్టి లేపేవారు ఉండరన్న ధైర్యం. బండి వారిదే గనుక కుక్కను ఎక్కడా వదలనక్కరలేదు, అది వారి కాళ్ళ దగ్గరే పడుకొంటుంది. ఒకేచోట నిలకడగా ఉంటే పనికి సమయానికి పోవచ్చు, పిల్లలు ఒకే బడికి పోవచ్చు, అద్దె ఇంటికి నాలుగు డబ్బులు వెనుకవేయవచ్చు. యాకోబు తన పత్రికలో మందలించినది దేనిని? వణకుతున్న సహోదరునికి వెచ్చగా ఉండుమని మాట చెప్పి, కావలసినది ఇవ్వకుండా పంపివేయడాన్ని. ఆ సంఘాలు తమ దగ్గర ఉన్న దానిని, ఖాళీ స్థలాన్ని, ఇచ్చాయి.

మన పొలాల్లో ఆరిన నిప్పులు

మనకు క్యాంపర్ వ్యాన్లు లేవు. మనకు గొర్రెలకాపరులు ఉన్నారు. వరికోతలు అయ్యాక పాలమూరునుండి, రాయలసీమనుండి మందలు తోలుకొని వచ్చేవారిని చూడండి. రాత్రి పొలంలో మంద కట్టించి, కంబళి కప్పుకొని, పక్కన కుక్కను పెట్టుకొని మంచులో పడుకొంటారు. గోదావరి, కృష్ణ, నెల్లూరు ప్రాంతాల్లో బాతులవాళ్ళు కోసిన చేలవెంట కుటుంబాలతో తిరుగుతారు. ఎరువుకోసం మందను మనం పిలుచుకొంటాం. కాపరిని ‘నీ కుక్కను, గొర్రెలను వదిలి రా, అప్పుడు అన్నం పెడతాం’ అనము. అతడు, అతని మంద ఒకటేనని మన రైతుకు తెలుసు. ఆ తెలివినే అమెరికా చట్టాలు ఇప్పుడు నేర్చుకొంటున్నాయి.

ప్రభువు పుట్టిన రాత్రి దూత మొదట వెళ్ళినది మందలతో బయట పడుకొన్నవారి దగ్గరికే. డిసెంబరులో మన యౌవనస్థులు క్రిస్మస్ రౌండ్సుకు రాత్రివేళ ఊరూరా పాడుతూ తిరుగుతారు. దారిలో పొలంలో ఒక మంట, చుట్టూ ముసుగువేసుకొన్న మనుషులు కనబడితే ఆగండి. ఒక పాట పాడండి, ఒక పాత దుప్పటి, కొంచెం వేడి టీ ఇవ్వండి. తెల్లవారి వారి ఆడవారు మందిరపు ఆవరణలోని బోరు దగ్గర నీళ్ళు పట్టుకోవడానికి వస్తే గేటు తెరచి ఉంచండి. వాన పడుతుంటే వరండాలో పడుకోనివ్వండి. కుక్క కూడ వస్తుంది. రానివ్వండి. మందిరం పరిశుభ్రత పోతుందని భయపడేవారికి ఒక మాట: ఉదయం ఒక బక్కెట నీళ్ళు పోస్తే వరండా శుభ్రమవుతుంది.

మన ఇళ్ళలోనూ ఈ చలికాలం కొన్ని జాగ్రత్తలు అవసరం.

బాలింతకు, పసిబిడ్డకు వెచ్చదనం కోసం మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టి పడుకోవడం కొన్ని చోట్ల ఇంకా ఉంది. పైన చెప్పిన విషవాయువు అందులోనూ పుడుతుంది. పడుకొనేముందు కుంపటిని బయట పెట్టండి. గదిలో మంట ఉన్నంతసేపు కిటికీ కొంచెం తెరచి ఉంచండి. తలనొప్పి, వాంతి, మత్తు కలిగితే వెంటనే అందరూ బయటి గాలిలోకి రండి.

మూసిన షెడ్డులో కారును, ట్రాక్టరును, జనరేటరును నడుపుతూ ఉంచకండి.

దూడలకు, మేకపిల్లలకు, కుక్కకూనలకు కింద ఎండుగడ్డి, పైన గోనెపట్ట వేయండి. తడి నేలమీద పడుకోనివ్వకండి. గాలి వీచే వైపు తడిక కట్టండి.

ఉదయం బండి తీసేముందు కింద, ఇంజను దగ్గర పిల్లిగాని, కుక్కకూనగాని దూరిందేమో చూడండి.

అమెరికాలో, యూరపులో ఉన్న మీ బిడ్డలతో ఫోనులో మాట్లాడేటప్పుడు ఒక ప్రశ్న వేయండి: ‘మీ సంఘము ముందున్న ఖాళీ స్థలం రాత్రిళ్ళు ఎవరికైనా ఉపయోగపడుతుందా?’

కుటుంబ ప్రార్థనలో ఆలోచించండి

1. ఈ నెలలో మన ఊరి పొలిమేరలో ఆరుబయట పడుకొనేవారు ఎవరు? వారి పేర్లు మనకు తెలుసా?

2. మనం చేసే సహాయానికి మనం పెట్టే షరతులు ఏవి? వాటిలో అవసరమైనవి ఏవి, మన సౌకర్యం కోసం పెట్టినవి ఏవి?

3. పౌలు అంగీని కర్పు జాగ్రత్త పెట్టాడు, తిమోతి మోసుకురావలసి ఉంది. మన పెట్టెల్లో వాడక పెట్టిన వెచ్చని బట్టలు ఎన్ని?

ప్రార్థన

పరలోకమందున్న మా తండ్రీ, ఓడలోని ప్రాణులన్నిటినీ జ్ఞాపకము చేసుకొన్న దేవా, ఈ రాత్రి దూరదేశంలో బండిలో వణకుతున్న విధవరాలిని, ఆమె పక్కనున్న మూగప్రాణిని కాపాడుము. మా పొలాల్లో మందలతో పడుకొన్నవారిని కాపాడుము. మా గేట్లు, మా పెట్టెలు చలి ముదరకముందే తెరచే మనసు మాకు దయచేయుము. మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.